సన్న చక్రాలు

రొడోపీ కొండల ఊళ్ళో తొలి మంచు పడిన ఉదయం, మామా అల్లుళ్ళు కారు పక్కన నిలబడ్డారు.

"పదిహేడు అంగుళాల చక్రాలు తీసేసి ఈ సన్న పదిహేను అంగుళాలవి వేయాలా మామయ్యా? కారు ఎడ్లబండిలా కనిపిస్తుంది."

"కనిపించనీ. సన్న టైరు మంచును కోసుకుని నేలను పట్టుకుంటుంది. వెడల్పుది పైన జారుతుంది."

"చిన్నవి కదా, లోపల బ్రేకుకి తగలవూ?"

"నిన్న ఒకటి బిగించి చూశాను. తగల్లేదు."

"ముందు రెండూ మారిస్తే చాలదా? ఇంజను తిప్పేది వాటినేగా."

"ఎక్కడానికి చాలు. దిగేటప్పుడు వెనకభాగం లోయవైపు తిరుగుతుంది. నా కూతురు జ్లాత్కాకి నెలలు నిండాయి. ఆసుపత్రి కనుమకి అవతలుంది."

"జాగ్రత్తగా నడుపుతాను."

"పోయిన చలికాలం మీ అత్తకోసం డాక్టరుని తేవడానికి వెళ్తూ ఇదే అన్నావు. ఈ వెడల్పు చక్రాలతోనే కనుమలో ఇరుక్కున్నావు. నువ్వొచ్చేసరికి ఆవిడ పోయింది."

"నన్నింకా క్షమించలేదన్నమాట."

"లేదు. జాకీ పెట్టు, నాలుగూ మారుద్దాం."