మింగుడు పరీక్ష

(ఎక్స్‌రే గది. కుర్చీలో కూరగాయల మార్కెట్ వేలంపాటగాడు, ముక్కులో గొట్టం. పక్కన భార్య. మింగుడు పరీక్ష చేసే అమ్మాయి చేతిలో చెంచా, తెల్లటి మందు.)

“...అయితే మింగడానికి కూడా చదువుందన్నమాట! ఎన్నేళ్లేంటి?”

“నాలుగేళ్లు సార్. నోరు తెరవండి.”

“నాలుగేళ్లా! దూడ పుట్టిన గంటకే నేర్చుకుంటుంది కదే తల్లీ!”

“ఏమండీ, కాస్త ఆ అమ్మాయి చెప్పింది...”

“నువ్వుండవే! ముప్పై ఏళ్లు వేలం పాడిన గొంతు ఇది. దీనికి పరీక్షట! ఏంటీ సున్నం నీళ్లు? గోడకి కొట్టడానికా, నాకు పొయ్యడానికా?”

“ఎక్స్‌రేలో కనబడాలని సార్. పది రోజులు ఒకసారి, పన్నెండు రోజులు ఇంకోసారి గొంతులో ఊపిరి మిషన్ గొట్టం ఉంది. లోపల మొద్దుబారుతుంది. ఊఁ, మింగండి.”

“మింగా. దగ్గానా? పొలమారిందా? లేదుగా! ఇక ఈ ముక్కుగొట్టం పీకి, గ్లాసుడు టీ తెప్పించు.”

“తెర చూడండి. నల్లగా దిగుతోందే, అదే మీరు మింగింది.”

“దిగిందిగా మరి!”

“దిగింది. కడుపులోకి కాదు సార్, ఊపిరితిత్తుల్లోకి.”

“చాల్లే! అలా పోతే దగ్గు రాదూ?”

“రావాలి. మీకు రావట్లేదు. అదే మా భయం. మొదటిసారి గొట్టం తీసిన మూడో రోజుకే జ్వరమొచ్చి మళ్లీ మిషన్ ఎందుకెక్కారనుకున్నారు?”

“ఆ వార్డు నర్సు వల్ల! మొద్దు మొహం! నాలుక పిడచకట్టుకుపోతోంది, చెంచాడు నీళ్లు పొయ్యవే అంటే, పరీక్ష అయ్యేదాకా చుక్క కూడా కుదరదంది. నేను మిషన్ మీదుండగా మా ఆవిడ ఫిర్యాదు పెట్టి దాని ఉద్యోగం ఊడగొట్టింది. ఈవిడ జన్మలో చేసిన ఒకే ఒక్క మంచి పని!”

“ఆమె పొయ్యలేదు. సరే. మరి ఇంకెవరైనా పోశారా?”

“ఎవరు పోస్తారు? ఎవరూ పొయ్యలేదు.”

“అమ్మా, మీరు చెప్పండి.”

“అది... ఆయన దగ్గలేదు కదమ్మా... ఒక్కసారి కూడా దగ్గలేదు...”

“నోర్ముయ్! నిన్నెవరడిగారు?”

“దుప్పటి చాటున నేనే పోశానమ్మా, రోజూ అరగ్లాసు. ఆ నర్సు పిల్ల చూసింది. చేతిలో చెంచా లాక్కుంది. ఈయనకి జ్వరం రాగానే ఎక్కడ బయటపెడుతుందోనని, నేనే ముందు పరిగెత్తి ఆ పిల్ల మీదే ఫిర్యాదు పెట్టాను.”