మంచం ఖాళీ ఉంది

నాలో ఉన్న మంచి గుణం ఒక్కటే, అది కూడా నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. నేను అబద్ధం ఆడను. నిజానికి రెండో పూత వేస్తానంతే. బోర్డులు రాసే పెయింటర్ని. ఒక్క పూతతో వదిలేస్తే కింద చెక్క కనిపిస్తుంది, చూసేవాళ్లకి మర్యాదగా ఉండదు. నా నిజాలకి మూడు పూతలు, ఆ పైన వార్నిషు.

అందుకే మా సందు మొదట్లో ఉన్న టీ కొట్టు బల్ల మీద నేను కూర్చోగానే, పక్కనే పంక్చర్లు వేసే బావ పంపు కింద పెట్టేస్తాడు. గాలి కొట్టడానికి మనిషే వచ్చాక ఇంక పంపెందుకు అంటాడు. నేను పట్టించుకోను. ఆ మాయదారి జ్వరం ఏడాదిలో డాక్టర్లు, నర్సులు, అంబులెన్సు డ్రైవర్లు తలో చెయ్యి వేశారు. నేనూ ఒక ప్రాణం నిలబెట్టానని ఈ బల్ల మీద ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఏడాదిగా నా తాపత్రయమంతా అదే. ఇంతవరకూ ఒక్కరూ ఒప్పుకోలేదు. టీ కొట్టు అన్న అయితే అసలు నోరే విప్పడు. ఆ జ్వరంలోనే వదిన పోయింది. ఆవిడ కూర్చునే స్టూలు మీద ఇంకెవరూ కూర్చోకుండా పాల క్యాను పెట్టి ఉంచుతాడు.

ఆ రోజు నా అదృష్టం పండింది. బండి పంక్చరై ఒక కొత్తమనిషి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నా కథ ఒక్కసారి కూడా విననివాడు. పైగా వెనక చక్రం ఊడదీసి ఉంది, లేచి వెళదామన్నా వెళ్లలేడు.

"చూడండి సార్, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అని మొదలుపెట్టాను. బావ దగ్గాడు. "జ్వరం ముదిరిన రోజుల్లో పెద్దాసుపత్రి వాళ్లు నన్ను పిలిపించారు, వైద్యానికి కాదు లెండి, గేటుకి ఒక బోర్డు రాయాలని, 'మంచాలు ఖాళీ లేవు' అని రాయమన్నారు, సరే, నేను 'మంచాలు ఖాళీ' వరకూ రాశాను, 'లేవు' కోసం కుంచె ముంచుతున్నాను, అంతలో లోపలనించి నర్సమ్మ వచ్చింది, ఇప్పుడే ఒక మంచం ఖాళీ అయిందయ్యా అంది. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? ఆ బోర్డు పక్కన పడేసి వేరే చెక్క తీసుకుని, ఎర్ర రంగుతో, జానెడేసి అక్షరాలతో, 'మంచం ఖాళీ ఉంది, వెంటనే రండి' అని రాసి, కింద ఆసుపత్రి నంబరు వేసి, వెనకాల గేటు కనపడేలా ఫోటో తీసి ఫోన్లో పెట్టాను."

అంతేనా అన్నాడు కొత్తమనిషి.

అక్కడితో ఆగుంటే మనిషినయ్యేవాణ్ణి. కానీ ఎదుటివాడు 'అంతేనా' అంటే నాకు ఒళ్లు మండుతుంది.

"అంతేనా అంటారేంటి సార్, కుంచె కడుక్కునేలోపు నలభై మంది చూశారు, కడిగి తుడుచుకునేలోపు నాలుగు వేలు, సాయంత్రానికి లక్ష, నా ఫోను వేడెక్కి జేబు కాలింది, కావాలంటే అన్నని అడగండి, మర్నాడు గ్యాసు అయిపోతే గిన్నె నా ఫోను మీద పెట్టే టీ కాచాడు."

అన్న టీ వడకడుతున్నాడు. తల ఎత్తలేదు.

ఇంతకీ ఆ మంచం ఎవరికి దొరికిందని అడిగాడు కొత్తమనిషి. ఈ ప్రశ్న కథలో లేదు. అడగకూడని ప్రశ్న వచ్చినప్పుడు గొంతు పెంచాలని నాకు చిన్నప్పుడే తెలుసు.

"ఒకరికా సార్, మొత్తం లోకానికి దొరికింది! వారానికి కోటి మంది చూశారు, రెండో వారానికి మనుషులు అయిపోయారు, అయినా లెక్క ఆగదే, పశువులు కూడా చూస్తున్నాయేమో మరి. ఓడలు నడిసముద్రంలో ఆగాయి, కెప్టెన్లందరూ నా బోర్డు చూస్తూ చుక్కాని వదిలేశారు. తెలుగు రాని దేశాల్లో జనం నా అక్షరాలు దిద్దుకుని మరీ తెలుగు నేర్చుకున్నారు. ఏ దేశపు రాజుగారో ఫోన్ చేసి, అయ్యా, మీ బోర్డు మీద తేదీ లేదు, ఇంతకీ ఏ రోజు మంచం అని అడిగితే, మా గురువుగారి మాట చెప్పాను. బోర్డు మీద తేదీ వేయకూడదు నాయనా, తేదీ వేసిన బోర్డు మర్నాటికి ముసలిదైపోతుంది అనేవాడాయన. నా బోర్డు చూడండి, ఎప్పుడు చూసినా ఇవాళే రాసినట్టుంటుంది!"

నాకు ఊపొచ్చింది. ఆ రోజు కథకి ఎప్పుడూ లేని పూత వేశాను.

"అసలు సంగతి వినండి. లోకమంతా తిరిగి తిరిగి ఆ జ్వరానికి కూడా కాళ్లు పీకాయి. ఎక్కడ నడుం వాల్చాలా అని చూస్తుంటే నా బోర్డు కంటపడింది. మంచం ఖాళీ ఉంది, వెంటనే రండి. ఇంకేం, నేరుగా వచ్చి ఆ మంచమెక్కి దుప్పటి కప్పుకుని పడుకుంది. నేను చప్పుడు కాకుండా తలుపు దగ్గరకి లాగి, బయట గొళ్లెం పెట్టాను. జ్వరం ఎలా తగ్గిందో ఆ డాక్టర్లకి ఈనాటికీ అంతుపట్టలేదు, నేను చెప్పనూ లేదు. చెప్పానుగా, గొప్పలు నాకు గిట్టవు."

కొత్తమనిషి నవ్వాడు. బావ కూడా నవ్వాడు. నేను అన్న వైపు చూశాను, ఇవాళైనా నవ్వుతాడేమోనని.

అన్న స్టవ్ ఆపాడు. బేరం ఉండగా ఆయన స్టవ్ ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"నీ కథ ఎప్పుడూ మొదటి రోజునించి నేరుగా చివరి రోజుకి పోతుంది తమ్ముడూ," అన్నాడు. "మధ్యలో పద్దెనిమిదో రోజు ఒకటుంది. ఎప్పటికైనా నువ్వే అక్కడికి వస్తావని ఏడాదిగా వింటున్నాను."

ఆయన గొంతులో కోపం లేదు. టీలో పంచదార ఎంత వేయాలని అడిగినట్టే అడిగాడు, గుర్తుందా అని. నాకేం గుర్తుంటుంది.

పద్దెనిమిదో రోజు వదినకి ఊపిరి అందలేదట. సందు చివర చిన్నాసుపత్రి డాక్టరు, మంచం లేదు గానీ నేల మీద పరుపు వేస్తాను, ఆక్సిజన్ ఉంది, తీసుకొచ్చేయమన్నాడట. ఆటో గుమ్మం ముందు ఉంది. వదినని ఎక్కించి, అన్న తనూ కాలు పెట్టబోతుంటే ఫోన్లో నా బోర్డు వచ్చింది. ఎవరో పంపారు, వాళ్లకి ఇంకెవరో. పెద్దాసుపత్రి, మంచం ఖాళీ ఉంది, వెంటనే రండి. ఆ నంబరుకి ఎన్నిసార్లు చేసినా ఎవరితోనో మాట్లాడుతున్నట్టే వచ్చింది. ఇది నిజమో కాదో అని తను తటపటాయిస్తుంటే, వదిన ఫోన్ తీసుకుని చూసి, అక్షరాలు గుర్తుపట్టింది. ఆ కొట్టు మీది బోర్డు రాసిందీ నేనే. 'ఉ'కి నేను పెట్టే మెలిక ఆవిడ రోజూ చూసేదే.

"మీ వదినే అంది," అన్నాడు అన్న. "ఆ మనిషి నోటితో ఎన్ని కోతలైనా కోస్తాడు గానీ చేత్తో అబద్ధం రాయడు, పోనివ్వండి అటే, అంది."

బావ చేతిలో ట్యూబు నీళ్ల తొట్టిలో ఉంది. బుడగలు వస్తున్నాయి. ఎక్కడ చిల్లో ఎవరూ చూడటం లేదు.

గంటన్నర పట్టిందట చేరడానికి. గేటు దగ్గర నలభై ఆటోలు. తను దిగి వాచ్‌మన్‌కి ఫోన్ చూపించాడు. వాచ్‌మన్ అటు చూడమని చెయ్యి చూపించాడట. నలభై ఆటోల పక్కన నలభై మంది నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. అందరి చేతుల్లో నా బోర్డే.

"వెనక్కి తిప్పాం," అన్నాడు అన్న. "సందు చివరికి వచ్చేసరికి ఇంక పరుపుతో పని లేకపోయింది."

తర్వాత స్టవ్ వెలిగించాడు. కొత్తమనిషి గ్లాసు నేల మీద పెట్టి, చక్రం బిగించేదాకా బండి పక్కనే నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. అన్న నా గ్లాసులో టీ పోశాడు, మామూలుగానే, నాకు ఇష్టమైనట్టు అల్లం ఎక్కువ వేసి. అది తాగడం ఎంత కష్టమో చెప్పడానికి నా దగ్గర ఏ పూతా లేదు.

ఇంటికెళ్లి ఆ ఫోటో తీసేశాను. వారం తిరక్కుండా అదే ఫోటో నాకే వచ్చింది, ఎవరో తెలియని నంబరునించి, దండం పెట్టే రెండు చేతుల బొమ్మతో, ఒక ప్రాణం నిలబడుతుంది అందరికీ పంపండి అని. జ్వరం పోయింది, మంచాలన్నీ ఖాళీగానే ఉన్నాయి, బోర్డు మాత్రం తిరుగుతూనే ఉంది. ఇవాళే రాసినట్టు ఉంది. మా గురువుగారు చూస్తే మెచ్చుకునేవాడు.

ఇప్పుడు ప్రతి బోర్డు మీదా మూలకి తేదీ వేస్తున్నాను. చెప్పుల కొట్టు బోర్డుకి తేదీ ఏంటని నవ్వుతున్నారు. నవ్వనీ.

ఒక్కటి మిగిలింది. ఆ మంచం అరగంటలో నిండిపోయింది, నా ఎర్ర రంగు ఆరకముందే. ఆ సాయంత్రమే నర్సమ్మ ఫోన్ చేసింది, అయ్యా, నిండిపోయింది, ఫోన్లు ఆగడం లేదు, ఆ ఫోటో తీసేయండి అని. సరేనమ్మా అన్నాను. తీయబోతూ లెక్క చూశాను. తొంభై ఏడు వేలు. లక్ష దాటాక తీద్దామనుకున్నాను. దాటింది. దాటాక తీయబుద్ధి కాలేదు.

ఇది అన్నకి తెలియదు. రోజూ పొద్దున్నే ఆ బల్ల మీదే కూర్చుంటాను, ఇవాళ చెప్పేద్దామనే వెళతాను. బావ పంపు కింద పెట్టడం మానేశాడు. అన్న టీ పోస్తాడు. సముద్రంలో ఓడలు ఆపిన నోరు నాది, ఆ ఒక్క మాట ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం నాకు ఇంకా తెలియలేదు.