ఒక్కపొద్దు ఇడిపిచ్చిన సర్దార్జీ

వంటల నన్ను లెక్కవెట్టకు రవళీ, ఇయ్యాల నాది ఒక్కపొద్దు. ఏంది, షుగరున్నోళ్లు ఉండొద్దా? డాక్టరు లెక్క మాట్లాడకు, జెర కూసో. కార్తీక పున్నమి గదనె. సర్దార్లకు గూడ గీ పున్నమే పండుగ, వాళ్ల గురునానక్ పుట్టిన దినం. గుర్‌దయాల్ సింగని ఒక సర్దార్జీ ఉండె, పటాన్‌చెరుల లారీలు నడిపిచ్చేటోడు. పోయి శానేండ్లాయె, నువ్వు పుట్టనే లేదు. ఆయన షెడ్డు ఎనకనే చిన్న గురుద్వార. మీ నాయిన చిన్నగున్నప్పుడు మీ తాత పన్జేసే కంపెనీకి తాళం వడ్డది. ఇంట్ల గింజ లేదు. ఎవరన్న 'తిన్నవా ఆగమ్మా' అంటె 'ఒక్కపొద్దున్న' అనేదాన్ని. సోమారం ఒక్కపొద్దు, శనారం ఒక్కపొద్దు. దేవుడే పరేషానైండొచ్చు, గీమెకు గింత భక్తేందని!

పున్నమి నాడు గురుద్వారల అందరికి బువ్వ వెడ్తరు, పోరగాండ్లన్న తింటరని మీ నాయినను, మీ అత్తను దోల్కవోయిన. పొద్దుగాల్నుంచి పాటలు, డోలు. నెత్తిన కొంగు కప్పుకొని, రెండు చేతులు వట్టి హల్వ తీస్కోవాలె. అందరిది ఒక్కటే బంతి, సేటు పక్కన హమాలి. గన్ని లారీల మాలక్కు గడప కాడ కూసొని అందరి చెప్పులు తుడుస్తుండు! నా తెగిన చెప్పులు గూడ. సిగ్గుతోని సచ్చిపోయిన. పిల్లలు కడుపునిండ తిన్నరు. సర్దార్జీ నన్ను గూడ కూసోమంటె, అలవాటైన నోరాయె, 'ఒక్కపొద్దున్న' అన్న. 'ఎప్పుడు తింటవు?' అన్నడు. 'సందమామను సూసినంక' అన్న. ఉట్టిగ కూసోబుద్ధిగాక రొట్టెలు చెయ్యవోయిన. వాళ్లు కర్రతోని ఒత్తుతుంటె నేను జొన్నరొట్టె లెక్క చేత్తోని కొట్టిన. ఆయన భార్య నవ్వుడే నవ్వుడు. నాకు ఆ వాసనకే కండ్లు తిరుగుతున్నయి. మాపటికి బంతులు లేసినయ్, గిన్నెలు గూడ కడిగిండ్రు. సర్దార్జీ ఒక్క పొయ్యి మాత్రం ఆర్పనియ్యలే. 'ఇంకెవరున్నరు సర్దార్జీ?' అని వంటోళ్లు గునుగుతుండ్రు. ఆయన బయట నిలవడి తూర్పు దిక్కు సూస్తుండు. సందమామ ఎల్లంగనే ఉరికొచ్చిండు. 'చాంద్ ఆగయా ఆగమ్మ బెహన్, ఒక్కపొద్దు ఇడువు' అని పళ్లెం వెట్టిండు. ఏడేడి రొట్టె, పప్పు, పాయసం. తనది గూడ తెచ్చుకొని పక్కన్నే కూసుండు. 'నువ్వు తినలేదా?' అంటె 'నువ్వు తినకుంట నేనెట్ల తింట' అన్నడు. నా ఒక్కపొద్దు సంగతి ఎరుకైందో ఏమో, ఒక్కనాడు గూడ అడుగలే. తెల్లారి మీ తాతను షెడ్డుల పనికి పిలిచిండు. ఆయన ఉప్పు తిని బతికినం బిడ్డా. ఇప్పుడు డబ్బనిండ బియ్యమున్నయ్. అయినా ఏడాదికొక్కనాడు నిజంగ ఉంట, గా బంతిలనే ఇడుస్త. పక్కన ఎవరు కూసున్నా, నాకు సర్దార్జే...

పో, కుక్కర్ కూస్తుంది సూడు.