మూడో సంచిలోని బూడిద

కాలనీ షెడ్డుకు వచ్చిన అయ్యలారా, అమ్మలారా! నా పేరు అండాలమ్మ. వయసు డెబ్బై దాటింది. గడ్డిఅన్నారం ఎల్లయ్య భార్యను. మా పొలమంతా ప్లాట్లయ్యాక మిగిలిన పాత ఇంట్లో నేనూ, చిన్న కొడుకు జనార్ధన్, కోడలూ ఉంటున్నాం. ముందు గదుల్లో చక్రపాణి సారు, రాళ్లూ మట్టీ పరీక్షించే సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు, నాలుగేళ్లు కిరాయికి ఉన్నాడు. ఇవాళ ఆయన ఫోటోకు దండ వేశారు. నేను బతికుండి చూస్తున్నాను. నాకు చదువు రాదు. జనార్ధన్ రాస్తున్నాడు. ఒక్క మాట తగ్గించొద్దన్నాను.

ఆయన దిగిన రోజు లారీలో సామాను కంటే రాళ్లే ఎక్కువ. "మనుషులకు ఇల్లిస్తే గుట్టలొచ్చినయేందయ్యా?" అన్నాను. "ఇవి కర్నూలు దిక్కు రాళ్లు, అదంతా ఒకప్పుడు సముద్రం అడుగు భాగమేనండీ మామ్మగారూ" అని నవ్వాడు. కర్నూలు దిక్కు సముద్రమా? ఎవరు నమ్ముతారు? గాజు గ్లాసులో నీళ్లు పోసి, ఇసుకా బూడిదా కలిపి వేశాడు. ఇసుక ముందు దిగింది. బూడిద ఆగి ఆగి దిగింది. కోట్ల ఏళ్ల కింద నిప్పుల కొండ పేలి, బూడిద మబ్బులా వచ్చి సముద్రంలో ఇట్లాగే పడిందట. బరువైనది అడుగున, మెత్తనిది పైన. బురద వేల ఏళ్లకు జానెడు పేరితే, బూడిద కొన్నాళ్లలోనే అంత పేరిందట. అప్పుడు నమ్మాను.

మొన్న ఆషాఢంలో ఆ దిక్కే ఒక గుంత తవ్వించి, ఆఫీసు పరీక్షకని ఆ బూడిద మూడు సంచులు తెచ్చాడు. అడుగు పొర, నడిమి పొర, పై పొర. ఒక్కో సంచికి ఒక్కో చీటీ. నేను చదవగలనా? మూడోది పిండిలా మెత్తగా ఉంది. బోనాలకు ఇత్తడి బిందెలు తోమాలి. తోమే బూడిదే అనుకుని సంచంతా వాడి ఒడగొట్టాను. బిందెలు తళతళలాడాయి. సంబరపడ్డానమ్మా, సంబరపడ్డాను!

ఖాళీ సంచి చూసి ఆయన అరుగు మీద కూలబడ్డాడు. తిట్టొచ్చు కదా? తిట్టలేదు. "ఆ పొర ఎక్కడికీ పోదండీ మామ్మగారూ, ఆదివారం వెళ్లి తెచ్చేస్తాను" అన్నాడు. ఆఫీసులో చెప్పలేదు. నా పేరు వస్తుందని. సూర్యప్రభా, బిడ్డా, కట్టుకున్నదానివి, నీకూ చెప్పలేదు. ఆదివారం పోయాడు. వానకు నానిన గుంత ఒడ్డు ఆయన మీద కూలింది.

ఇప్పుడు ఆఫీసు కాగితంలో ఏం రాశారు? సెలవు రోజు సొంత సరదాకు పోయాడని. సరదానా? బాపిరాజు సారూ, ఆయన పైఆఫీసరువు, ముందు వరసలోనే కూర్చున్నావు, విను. మీ పని మీద పోయాడు. నేను పాడు చేసినదాని కోసం పోయాడు. ఆ కాగితం మార్చు. అండాలమ్మ చేసిందని రాయి. పోయినవాడి మీద ఆ మాట ఉండొద్దు.

సూర్యప్రభా, క్షమించమని అడగను. అడిగే మొహం నాకు లేదు.

అందరూ లేవండి. ఏమీ మాట్లాడొద్దు, కాసేపు ఆయన్ని తలుచుకోండి. జనార్ధనా, రాసింది చాలు, జర లేపురా. నేను కూడా నిలబడాలె.

అండాలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: అరుణమ్మ, పక్కింటి ఆమె. దశరథ, కాలనీ సంఘం కార్యదర్శి.