క్లైడ్ గారి టేపుల్లో మీ తాతయ్య

"అమ్మమ్మా, రికార్డింగ్ ఆన్ చేశాను. ఆ సాక్సఫోన్ క్లైడ్ టేప్స్ దొరికాయి కదా, ఆ స్టోరీ స్టార్ట్ నుంచి చెప్పు."

ఇందులోనేనా మాట్లాడాలి, ఫోన్లో? సరే.

క్లైడ్ గారంటే ఎవరనుకున్నావు, మేం మెల్‌బోర్న్ వచ్చిన కొత్తల్లో మా ఇంటి ఓనరు. ఇప్పుడుంటున్న ఈ పాయింట్ కుక్‌లో కాదే, అప్పుడిక్కడేముంది, అంతా గడ్డి. ఫుట్స్‌క్రేలో. ముందింట్లో ఆయన, వెనక రెండు గదుల్లో మేము. ఆయనది అమెరికా. ఏదో బ్యాండుతో వచ్చారంట, బ్యాండు వెళ్ళిపోయినా ఈయన ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడమ్మాయినే చేసుకున్నారులే, ఆవిణ్ణి నేను చూళ్ళేదు, మేం వచ్చేసరికే పోయింది. ఒక్కరే ఉండేవారు. నా రొయ్యల ఇగురంటే ప్రాణం పెట్టేవారు. అదీ కరివేపాకు లేకుండా! అప్పట్లో దొరికేది కాదు గదా. ఇప్పుడు చూడు, సందుకో ఇండియన్ షాపు... ఏం చెప్తున్నాను? ఆఁ, సాక్సఫోను.

ఆదివారం చర్చి నుంచి రావడం ఆలస్యం, మీ తాతయ్య కోటు విప్పేసి డోలక్కు పట్టుకుని ఆయన గ్యారేజీలోకి వెళ్ళిపోయేవారు. నరసాపురంలో చర్చి పాటలకి ఈయనే వాయించేవారులే. క్లైడ్ గారు ఊదేదాన్ని జాజ్ అంటారంట. నాకేం తెలుసు? ఓ చోట మొదలెట్టి, దారి తప్పినట్టు ఎటెటో పోయి, ఇంక రారు అనుకునేసరికి చక్కగా మొదటికొచ్చేసేవారు. పక్కన టేపు చుట్టలు తిరుగుతుండేవి, అంతా రికార్డు చేసుకునేవారు. నేను పెరట్లో నా పని చూసుకుంటూ వినేదాన్ని. తర్వాత మేం ఇల్లు మారాం, మీ అమ్మ పుట్టింది, క్లైడ్ గారు పోయారు. మీ తాతయ్యా పోయారు. ఇంక ఆ టేపులెవరికి గుర్తుంటాయి చెప్పు?

మొన్న... మొన్న కాదు, ఈస్టరుకి ముందు, ఎమిలీ అని ఒకమ్మాయి ఫోను చేసింది. పాత రికార్డింగులు భద్రపరిచే లైబ్రరీలో పని చేస్తుందంట. ఎవరో గ్యారేజీ ఖాళీ చేస్తుంటే అట్టపెట్టెల్లో ఈ టేపులు దొరికినయ్యంట. ఈ దేశం వచ్చాక క్లైడ్ గారు వాయించినవేవీ మిగల్లేదనుకున్నారంట వాళ్ళు, అందుకని ఒకటే సంబరం. అయితే డోలక్కు ఎవరిదో తెలీలేదు. మధ్యలో క్లైడ్ గారు "శామ్యూల్, వన్స్ మోర్" అంటారు, మీ తాతయ్య పేరు గదా, అది పట్టుకుని మన పాత చర్చిలో అడిగి, నా దాకా వచ్చింది.

మీ అమ్మ ఆ లైబ్రరీకి కార్లో తీసుకెళ్ళింది. నా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. ముందు సాక్సఫోను. తర్వాత డోలక్కు. అది మీ తాతయ్య చెయ్యేనే, నాకు తెలీదా? పాట ఆగిపోయాక మాటలు. క్లైడ్ గారు అడుగుతున్నారు, "నీకు మీ దేశం వెళ్ళిపోవాలని ఉండదా?" అని. మీ తాతయ్య ఇంగ్లీషులో, తడుముకుంటూ, "రేపు వెళ్ళమన్నా వెళ్తాను. కానీ కరుణకి ఇక్కడ బావుంది. చాలా సంతోషంగా ఉంది. అందుకే ఉంటున్నాను" అన్నారు.

కరుణంటే నేనే గదే!

మరి నాతో ఏమనేవారో తెలుసా? "నాకు ఇక్కడే హాయిగా ఉంది కరుణా, మనకి ఇదే ఊరు" అనేవారు. నేనేమో మొదట్లో బస్టాపులో నిలబడి ఏడ్చేదాన్ని, మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలని. చెప్తే ఆయన మనసు కష్టపెట్టుకుంటారని ఎప్పుడూ నోరెత్తలేదు. ఆయన కోసమని నేను, నా కోసమని ఆయన... ఇలాగే ఉండిపోయామా ఇన్నేళ్ళూ? లేకపోతే క్లైడ్ గారు కూడా ఇంటికి దూరమైన మనిషే గదా, నాదీ నీ బాధే అంటే ఆయనకి తోడుగా ఉంటుందని అలా అన్నారా? ఏమో. ఎవర్ని అడగను? మీ అమ్మ "హౌ రొమాంటిక్" అని నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కాసేపు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీదు.

ఎమిలీ అడిగింది, ఆంటీ, ఇవి అందరూ వినేలా బయటపెడతాం, ఆ మాటలు ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని. ఉంచమన్నాను. ఇంటికొచ్చాక ఫోను చేసి తీసెయ్యమన్నాను, అది మొగుడూ పెళ్ళాల సంగతి, ఊరందరికీ ఎందుకని. మళ్ళీ మనసాగక, ఫోన్లోనే ఇంకోసారి వినిపించమ్మా అన్నాను.

ఈసారి ఏం వినపడిందో తెలుసా? "సంతోషంగా ఉంది" అని ఆయనంటున్నప్పుడు వెనకాల, పెరట్లో, ఎవరో ఆడమనిషి నవ్వుతోంది. పెద్దగా, విరగబడి. ఎవరు ఆంటీ అంది ఎమిలీ. ఏమోనమ్మా, నాకు తెలీదన్నాను. నిజంగా తెలీలేదే. ఫోను పెట్టేశాక, కూర తాలింపేస్తుంటే అప్పుడు తట్టింది. ఆ ఇంట్లో నేను తప్ప ఇంకో ఆడమనిషే లేదు.

ఉంచమని చెప్పేశానులే. నేను అలా నవ్వేదాన్నంటావా? దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ, నీ నవ్వు నీకు తెలుస్తూ ఉండాలి. అంతలా ఏం చూసి నవ్వానో మాత్రం... ఎంత ఆలోచించినా...