రిజిస్టరులో సంతకం లేని పుస్తకం

ముందు వరసలో కూర్చున్న పిన్నికి నమస్కారం. కోర్టు పని మానుకుని వచ్చిన పెద్దలకూ, తోటి లాయర్లకూ నమస్కారం. ముప్పై ఒక్కేళ్ళు మన లాయర్ల సంఘం లైబ్రరీని కాపాడిన మనిషి, మనందరికీ బాబాయి, ఇక లేరు. మీరంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు కన్నీళ్ళు రావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది.

నేను కొత్తగా నల్లకోటు వేసుకున్న రోజులవి. ఒక దర్జీ ఆవిడ కాంట్రాక్టు కేసు. ఒప్పందాల చట్టం మీద ఆ లావుపాటి వ్యాఖ్యాన గ్రంథం తిరగేసి, పనికొచ్చే వాక్యం దొరకగానే ఎగిరి గంతేశాను. కోర్టుకు పరిగెత్తబోతుంటే బాబాయి పుస్తకం మీద చెయ్యి పెట్టారు. "అనుబంధం చూశావా?" అన్నారు. గ్రంథం అచ్చయ్యాక మారినవన్నీ ఆ పల్చటి సంపుటంలో ఉంటాయని నాకేం తెలుసు? తీరా చూస్తే, నేను పట్టుకున్న వాక్యానికి ఆధారమైన తీర్పును పైకోర్టు ఎప్పుడో కొట్టేసింది! "రాసినాయన పెద్దవాడే నాయనా, కానీ ఆయన చట్టం కాదు. దారి చెబుతాడు. నడిచి చూసుకోవాల్సింది నువ్వే" అన్నారు. సాయంత్రం దాకా నా పక్కనే కూర్చుని సరైన తీర్పు వెతికించారు. ఆవిడ కేసు నిలబడింది. ఎవరి వల్ల? నా వల్లా?

ఆ అనుబంధ సంపుటం పోయిన ఏడాది మాయమైంది. రిజిస్టరులో ఎవరి సంతకమూ లేదు. ఎలా మాయమైందో తెలియనివాళ్ళు ఇక్కడున్నారా? ఎదుటి లాయరు కంట పడకూడదని పుస్తకం చంకన పెట్టుకుపోయే అలవాటు మనది కాదా? మరి మన కమిటీ నోటీసు ఎవరికిచ్చింది? బాబాయికి! దొంగ అన్న మాటొక్కటే తక్కువ. పదకొండు నెలలు ఆయన అల్మారాలు జరిపి జరిపి వెతికారు. "నా చేతిలో పోయింది, నా చేతికే దొరకాలి" అనేవారు. ఇంట్లో పిన్నితో మాట్లాడటం కూడా తగ్గించేశారు. మనం ఆ పక్కనే కూర్చుని టీ తాగాం. నేనూ తాగాను.

మంగళవారం ఆయన పోయారు. బుధవారం పొద్దున ఆ సంపుటం దాని చోట్లో బుద్ధిగా కూర్చుని ఉంది. ఇదిగో, నా చేతిలోనే ఉంది. లోపల బాబాయి రాసిన చీటీ కూడా అలాగే ఉంది: "చూసినవారు దయచేసి తిరిగి ఇక్కడే ఉంచగలరు." ఎంత మర్యాదస్థులండీ! మనిషి పోయేదాకా ఆగి మరీ ఉంచారు.

ఆయన ఫోటో పక్కన రిజిస్టరు తెరిచి పెట్టాను. పుస్తకం పేరు నేనే రాశాను. తీసుకున్నవారి పేరు దగ్గర ఖాళీ వదిలాను. ఇప్పుడు అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. పుస్తకం పట్టుకెళ్ళిన మీరు కూడా నిలబడండి. ఆ తర్వాత మేమంతా కూర్చుంటాం. మీరు కూర్చోకండి. పిన్ని చూస్తుండగా వచ్చి సంతకం పెట్టండి. పెన్ను అక్కడే ఉంది. బాబాయిదే.

లేవండి.