నేలమాళిగలో వరండా

ఏప్రిల్ ఇరవై ఆరు, శనివారం. పొద్దున్నుంచీ దక్షిణపు గాలి, చొక్కా వీపుకు అంటుకుపోయే ఉక్క. ఊరి నేలమాళిగ తలుపు బందులకు నూనె వేశాను. కోళ్లగూడు గడియ ఊడింది, సాయంత్రం వెళ్లి బిగించాలి.

క్షమించాలి. ప్రసంగం ఎలా మొదలుపెడతారో నాకు తెలియదు. పెళ్లయినప్పటి నుంచీ రోజూ నేను రాసేది ఇదొక్కటే, తేదీ, గాలి, చేసిన పని. అందుకని ఇవాళ్టి పేజీనే జేబులో పెట్టుకొచ్చాను. (నవ్వులు) "ముందు పెద్దలకు నమస్కారం చెప్పు, కోళ్ల సంగతి తర్వాత చూద్దాం" అని మా ఆవిడ మోజెల్ ముందు వరుసలోంచి కళ్లతోనే చెబుతోంది. చెబుతున్నాను.

ఈ సభకు అధ్యక్షత వహిస్తూ, నా మాటలు మరీ సాగితే పియానో మొదలుపెట్టమని భార్యకు ముందే చెప్పి ఉంచిన పాస్టరు క్లెటస్ గారికి, జిల్లా విపత్తుల శాఖ నుంచి నా కోసం ఇంత దూరం వచ్చి, వచ్చినప్పటి నుంచీ కిటికీలోంచి ఆకాశాన్నే చూస్తున్న అధికారి గారికి, ఈ ఉక్కలో నా భుజాల మీద బొంత కప్పి సన్మానించిన మహిళా సంఘానికి, ముందు వరుసల్లో కూర్చున్న పెద్దలకు, అరటిపండు పుడ్డింగుకు దగ్గరగా ఉంటుందని వెనక వరుసల్లో కూర్చున్న మిత్రులకు, అందరికీ నమస్కారం. రాత్రి ఎనిమిది దాకా సుడిగాలి రావచ్చని పొద్దున్నే చెప్పినా సభ వాయిదా వెయ్యనందుకు మరో నమస్కారం. వాయిదా వేసుకుంటూ పోతే మన స్లేటన్ గ్యాప్ ఊళ్లో వసంతకాలంలో ఒక్క పెళ్లి కూడా జరగదు.

నన్ను సుడిగాలి సైరన్‌కూ, ఊరంతా తలదాచుకునే నేలమాళిగకూ కాపలాదారుగా పెట్టింది నా ప్రతిభ చూసి కాదు. నెల మొదటి శనివారం సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ స్తంభం కింద నిలబడి, పరీక్ష కోసం మీట నొక్కే ఓపిక ఈ ఊళ్లో మరెవరికీ లేక. అన్నేళ్లు ఆ స్తంభం కింద నిలబడ్డాక నా కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి మోజెల్ అరిస్తే పనిచేస్తుంది. ఇప్పుడు ఊరంతా వినిపించే సైరన్ మోగించేవాడికే అది వినపడదు. అందుకే ఈ పదవీ విరమణ.

(వెనకనుంచి ఎవరో ఏదో అన్నారు.) ఏమంటున్నాడు, మోజెల్?

"నీతో ఇన్నేళ్లు పాట్లు పడ్డందుకు నాకే సన్మానం చెయ్యాలంటున్నాడు!"

పాటలా? నేను పాడను కదా. సరే, చేయించుకో.

సైరన్ మోగితే ఏం చెయ్యాలో ఇక్కడ నడక రాని పిల్లకు కూడా తెలుసు. లోపలికి వెళ్లాలి, కిందికి దిగాలి, కిటికీలకు దూరంగా ఉండాలి. ఇది ఆడవాళ్లకూ పిల్లలకూ. అలబామాలో పుట్టిన మగవాడు మాత్రం సైరన్ వినగానే టీవీ కట్టేసి, కాఫీ కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్లి, నడుం మీద చెయ్యి వేసుకుని పడమటి దిక్కు చూస్తాడు. ఎదురింటి మగవాడూ సరిగ్గా అలాగే నిలబడి ఉంటాడు. "ఇటు రాదులే" అంటాడు అతను. "నది దగ్గర పక్కకు తిరుగుతుంది" అంటాడు ఇతను. సుడిగాలి వీళ్లిద్దరినీ ఎప్పుడు సలహా అడిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నవ్వుతున్నారు గానీ, ఈ హాల్లో అలా నిలబడనివాడు ఎవడో చెయ్యెత్తండి చూద్దాం. పాస్టరు గారూ, మీరు చెయ్యి దించండి, మిమ్మల్ని నేను చూశాను.

ఆరేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. ఒక్క పూటలో రాష్ట్రం పొడవునా సుడిగాలులు ఒకదాని వెనక ఒకటి దిగాయి. మన వంతుకు వచ్చినది మంగలి దుకాణాన్ని ఎత్తుకుపోయి కుర్చీని అక్కడే వదిలేసింది, తువ్వాలు దాని చేతి మీద మడత పెట్టినది పెట్టినట్టే ఉంది. పాస్టరు గారి ఆదివారం ప్రసంగం కాగితాలు గాలిలో పక్క రాష్ట్రం టెనెసీ దాకా వెళితే, అక్కడెవరో పుణ్యాత్ముడు వాటిని ఏరి, తుడిచి, పోస్టులో వెనక్కి పంపాడు. అంచున "బాగుంది, కాని కొంచెం సాగింది" అని రాసి మరీ పంపాడు. (నవ్వులు, పాస్టరు గారు కూడా.)

మన ఊళ్లో ఆరుగురు పోయారు.



ఆ ఆరుగురి గురించి నవ్వు రాకుండా మాట్లాడాలని ఆరేళ్లుగా చూస్తున్నాను. కుదరటం లేదు, ఎందుకంటే వాళ్లూ మనలాంటివాళ్లే. మనందరికీ ఎక్కాలు నేర్పిన ఓపల్ టీచరమ్మ నేలమాళిగ మెట్ల దాకా వచ్చి, పిల్లి ఇంట్లో ఉండిపోయిందని వెనక్కి పరిగెత్తింది. పిల్లి అప్పటికే నేలమాళిగలో బల్ల కింద కూర్చుని ఉంది. అది ఇప్పటికీ అక్కడే ఉంటోంది, మీరందరూ తలో ముక్కా పెట్టి దాన్ని పందికూనంత చేశారు. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది, మళ్లీ నేనే దానికి చేప వేస్తాను.

ఇక మా పెద్ద బావమరిది హోయ్ట్. వాడు ఎక్కడ ఉన్నాడో చెప్పనక్కర్లేదు. వరండాలో, కాఫీతో. పక్కన వాడి తమ్ముడు డబ్. ఇద్దరూ ఉయ్యాల బల్ల మీద, డబ్ ఎప్పటిలా ఎడమవైపు, కూర్చుని, వచ్చేది నదివైపు తిరుగుతుందా తిరగదా అని పందెం. మధ్యలో డబ్‌కు కడుపు ఇబ్బంది పెట్టి లోపల మరుగుదొడ్డికి వెళ్లాడు. తర్వాత వాణ్ణి మేము సోయా చేలో కనుక్కున్నాం. స్నానాల తొట్టి బోర్లా పడి ఉంది, వాడు దాని కింద ఉన్నాడు, ప్యాంటు మాత్రం ఎక్కడా లేదు. డబ్, తల దించుకోకు, అది ఇప్పుడు మన ఊరి చరిత్ర.

"చరిత్ర నువ్వే రాస్తున్నావు కదా బావా, నీ ఇష్టం!" అంటున్నాడు. అది వినపడింది.

ఇల్లు లేదు. హోయ్ట్ లేడు. వరండా మాత్రం మెట్లతో, కమ్మీలతో, ఉయ్యాలతో అలాగే నిలబడి ఉంది. కమ్మీ మీద కప్పు ఉంది, కప్పులో కాఫీ ఉంది. బీమా కుర్రాడు వచ్చి చుట్టూ తిరిగి చూసి "పాక్షిక నష్టం" అని రాసుకున్నాడు. హోయ్ట్ భార్య వర్నా, అదిగో ఆ మూల కూర్చుంది, వాడికి టీ ఇచ్చి నెమ్మదిగా అడిగింది. "బాబూ, మొగుడూ ఇల్లూ పోయి వరండా మిగిలితే మీ ఊళ్లో దాన్ని పాక్షికం అంటారా?" ఆ పిల్లవాడు పెన్ను జేబులో పెట్టుకుని ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాడు. చివరికి వర్నాయే వాడికి ముక్కు తుడుచుకోవటానికి కాగితం ఇచ్చింది.

ఆ తర్వాత మగవాళ్లు మారారనుకుంటున్నారా? పై నెలలో సైరన్ మోగితే, పైకప్పు లేని ఇళ్ల వరండాల్లో కూడా నిలబడ్డారు. నేను బతిమాలాను, తిట్టాను, పాస్టరు గారి చేత నరకం గురించి చెప్పించాను. లాభం లేదు. ఒకరోజు వర్నా మా ఇంటికి వచ్చింది.

"వాళ్లు కిందికి రారు అన్నయ్యా. మా ఇంటి వరండానే కిందికి దించు."

దించాం. పలకా పలకా విప్పి, నేలమాళిగలో మళ్లీ నిలబెట్టాం. కమ్మీ ఉంది, ఉయ్యాల ఉంది, కప్పు పెట్టుకునే చోటు ఉంది. తలుపులో పడమటి వైపు జానెడు మేర దళసరి అద్దం బిగించాం. అధికారి గారూ, మీరు ఇది విన్నట్టు ఎక్కడా రాసుకోకండి. ఆ తర్వాతి సైరన్‌కు ఒక్కడు "ఊరికే అద్దం చూసిపోదామని" వచ్చాడు. ఆ పైసారి నలుగురు. ఇప్పుడు మగవాళ్లంతా కమ్మీ పట్టుకుని వరసగా నిలబడి, నెత్తిమీద మనవళ్ల ఫుట్‌బాల్ శిరస్త్రాణాలు పెట్టుకుని, "ఇటు రాదులే" అనుకుంటుంటే, "జరగండయ్యా, పిల్లలకు ఊపిరాడటం లేదు" అని ఆడవాళ్లు తిడుతున్నారు. గ్లాడిస్ పిన్నికి మనవళ్లు లేరు కాబట్టి చిక్కుళ్లు ఉడకబెట్టే గిన్నె బోర్లించుకుని వస్తుంది. ఒకసారి అందులో చిక్కుళ్లున్నాయి కూడా. (చాలాసేపు నవ్వులు. గ్లాడిస్ పిన్ని లేచి దణ్ణం పెట్టింది.)

అందరూ వస్తారు. ఒక్కడు తప్ప.

డబ్ రాడు. ఎందుకురా అంటే ఒకటే మాట. "అన్న చూస్తుంటే నేను లోపల ఉన్నాను. ఇక నుంచి చూసేవాణ్ణి నేనే." అందుకని ఆరేళ్లుగా నేను చేసేదల్లా ఒక్కటే. అందరినీ లోపలికి పంపి, తలుపు సందులో కాలు అడ్డం పెట్టి, ఎదురుగా వాడి ఇంటి వరండా వైపు చూస్తూ చివరి క్షణం దాకా ఆగటం. మొన్న మార్చిలో గాలి నా కుడికాలిని వదిలేసి బూటు పట్టుకుపోయింది. అది పాస్టరు గారి ఇంటి పొగగొట్టంలో దొరికింది. మీరిప్పుడు నాకు బహుమతిగా ఇచ్చిన ఈ కొత్త బూట్ల జతకు కృతజ్ఞతలు, పాతవాటిలో ఎడమది మాత్రం నాకు ఇంకా బాగానే ఉంది. (నవ్వులు)

రేపటి నుంచి నా స్థానంలో కాపలా లటీషాది, తాళం ఇప్పటికే ఇచ్చేశాను. తాళం తీసుకుంటున్నప్పుడు ఆ అమ్మాయి నాతో తేల్చి చెప్పింది. "ఆర్లిస్ తాతా, నేను ఎవరి కోసమూ కాలు అడ్డం పెట్టను. లోపల నా పిల్లలుంటారు." నిజం. నలభై మంది ప్రాణాలున్న తలుపు అది. ఆ అమ్మాయి మూసెయ్యాలి, మూసేస్తుంది. అంటే వచ్చే సైరన్‌కు డబ్ ఒక్కడే బయట. అది తలుచుకుంటే నాకు ఈ బొంత కింద కూడా చలేస్తోంది. మోజెల్‌కు అన్న పోయాడు. తమ్ముణ్ణి కూడా ఇంకో వరండాకు ఇచ్చెయ్యటానికి మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు.

అందుకని ఈ సభాముఖంగా ఒకటి చెబుతున్నాను. ఇన్నేళ్లూ బాధ్యత మెడకు కట్టుకుని, మీరంతా కాఫీ తాగుతూ ఆకాశం చూస్తుంటే నేను తాళం పట్టుకుని పరిగెత్తాను. నేనూ అలబామాలో పుట్టిన మగవాణ్ణే. ఇప్పుడు నాకు ఏ పదవీ లేదు. ఇక మీదట ఆకాశం మబ్బు పడితే చాలు, నా కుర్చీ తీసుకుని డబ్ వరండాకు వెళతాను. వాడు చూసినంతసేపు చూస్తాను. వాడు దిగితే దిగుతాను.

"నీకేమైనా మతి పోయిందా బావా? నీకు సైరనే వినపడదు!"

నీకు వినపడుతుందిగా. చెప్పు.

"ఆ మోకాళ్లతో నాలుగు మెట్లు దిగలేవు!"

అందుకే త్వరగా చెప్పు.

"అక్కా, చూడవే నీ మొగుడు!"

ఆవిడ బొంత సర్దుతోంది, ఆవిణ్ణి అడగకు. ఇక ముగింపుకు వస్తాను. ఈ నేలమాళిగ కట్టటానికి రాళ్లు మోసిన... అదేమిటి, అందరూ ఒక్కసారి తలలు వంచారు? పాస్టరు గారూ, ప్రార్థన ఇప్పుడా? ముగింపు తర్వాత కదా? పియానో కూడా మొదలు కాలేదే.

(లటీషా లేచి నిలబడి, చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పింది.)

ఓహో. ఫోన్లలో సుడిగాలి హెచ్చరికా.

లటీషా తాళంతో వెళ్లింది, చాలా బాగుంది. మిగతావాళ్లు తోసుకోకుండా వెనక తలుపులోంచి. పిల్లలు ముందు. బెండకాయ వేపుడు ఎక్కడిదక్కడ వదిలెయ్యండి. పుడ్డింగు... సరే, పుడ్డింగు తెండి. గ్లాడిస్ పిన్నీ, గిన్నెలో ఏమీ లేదు కదా? అధికారి గారూ, అటు కాదు, పిన్ని వెనకాలే వెళ్లండి. వర్నా, చెల్లెమ్మా, మోజెల్‌ను తీసుకెళ్లు. వెళ్లు మోజెల్. నేను వస్తానో రానో నీ తమ్ముణ్ణి అడుగు.

డబ్ ముందు తలుపు వైపు వెళుతున్నాడు. అనుకున్నదే. ఈ మైకు చొక్కాకు తగిలించి ఉంది, తియ్యటం నాకు రాదు. ఆగరా, నేనూ వస్తున్నా. కుర్చీ ఇంటి దగ్గరుంది, నిలబడే చూద్దాం. ఏం, నదివైపు తిరుగుతుందంటావా?

(డబ్ పడమటి దిక్కు చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ పడమటి దిక్కు చూశాడు.)

"తిరగదు."

నువ్వే చూశావు, నువ్వే చెప్పావు. ఇప్పుడేం చెయ్యమంటావు?

"ముసలి గాడిదా, పద! బొంత పారెయ్, కాలికి అడ్డం పడుతోంది. పద బావా!"

చొక్కా పట్టుకుని లాగకు, వస్తున్నాగా. కాఫీ?

"కింద తాగుదువుగాని! ఆ ఉయ్యాల మీద... ఎడమవైపు ఎవరూ కూర్చోవటం లేదుగా?"

ఎవరూ కూర్చోలేదురా. ఆరేళ్లుగా ఎవరూ కూర్చోలేదు.

సభకు వచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు, బూట్లు బల్ల మీదే ఉన్నాయి, దీపాలు ఎవరైనా ఆర్పండి, సెలవు. మెల్లిగా డబ్, మెట్టు. అన్నట్టు, కోళ్లగూడు గడియ ఇంకా... (నేలమాళిగ మెట్ల దగ్గర మైకు ఆగిపోయింది.)